మూడో గంటకు వేసిన అడ్డగడియ

ఆ బడి దెబ్బల్లోంచే పుట్టింది. పెద్ద మిషను బడిలో ఒక పర్యవేక్షకుడు, ప్రశ్న అడిగిందని ఒక పిల్లను చెవిలోంచి రక్తం కారేలా కొట్టాడు. అక్కడ పంతులుగా ఉన్న పెద్దయ్య ఆ బెత్తం లాక్కుని, విరిగేదాకా పర్యవేక్షకుడి వీపు మీదే వాడాడు. మర్నాడు పదకొండుమంది పిల్లలతో ఒక ఉప్పు గోదాములో ప్రార్థన చేసి, తన బడి తాను మొదలుపెట్టాడు. ఏ మిషనుకూ తల వంచని బడి. తల్లిదండ్రులూ టీచర్లూ ఏటా ప్రార్థన మందిరంలో కూడి తొమ్మిదిమంది పెద్దలను ఎన్నుకుంటారు. బడి వాళ్ల చేతిలో నడుస్తుంది.

ఆ సభకు పెద్దయ్య ఒక కట్టుబాటు పెట్టాడు. మూడో గంట కొట్టగానే తలుపుకు అడ్డగడియ పడాలి. లోపలున్నవాళ్లకే ఓటు. ముగింపు ప్రార్థన దాకా తలుపు తీయకూడదు. తీస్తే సభ చెల్లదు. ఆ ఏటికి అధికారం స్థాపకుడి ఇంటికి పోతుంది. తన ఇంటివాళ్లే ఆ తలుపు తీయించాలని చూస్తారని ఆయనకు తోచలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

పెద్దయ్య పోయాక ఆయన కొడుకు చిన్నయ్య బడిని మళ్లీ ఆ పెద్ద మిషనులోనే కలిపేస్తానన్నాడు. ఓట్ల దగ్గర తనకు చుక్కెదురని అతనికి తెలుసు.

ఆ ఏడు అడ్డగడియ వేసే వంతు చీటీల్లో లెక్కల టీచరుకు వచ్చింది. ఆమె భర్త అదే బడిలో వడ్రంగం నేర్పే మాస్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లను మెట్ల దగ్గర తొందరపెట్టి, అందరికన్నా చివర లోపలికి రావడం ఆయన పని.

"నేనొచ్చాక వెయ్యవే తల్లీ. ఇంట్లో అలిగినప్పుడు వేసినట్టు మొహం మీద వేసేవు," అన్నాడు పొద్దున.

"గంటేమన్నా మీకు మేనమామా, ఆగడానికి? నోరు కట్టేసి కాళ్లు కదపండి," అందామె.

రెండో గంట కొట్టాక చిన్నయ్య పదిహేనుమందితో వచ్చాడు. వాళ్ల చేతుల్లో తరగతి బల్లల నుంచి ఊడబెరికిన కాళ్లున్నాయి. మాస్టారు అప్పుడు సరిగా నడవలేని ముసలి బడి వంటమనిషిని మెట్లెక్కిస్తున్నాడు. మొదటి దెబ్బ ఆయన మోకాలి వెనక పడింది. కూలబడి, లేచి, ముసలామెను గుమ్మంలోకి నెట్టాడు. రెండో దెబ్బ మోచేతి మీద పడింది. చెయ్యి వేలాడిపోయింది. ఆయన మెట్ల మీదుగా కిందికి దొర్లాడు. ఆయనకూ గుమ్మానికీ మధ్య ఇప్పుడు నాలుగు మెట్లు.

మూడో గంట కొట్టింది.

"వెయ్యి," అని అరిచాడు మాస్టారు. "నా మొహం చూడకు. వెయ్యి."

ఆమె వేసింది.

లోపల ఎనభైమంది. పెద్దలందరిలోకీ పెద్దవాడు, గడియారం తాత, ఓటు కోసం ఒక్కొక్కరి పేరూ చదవడం మొదలుపెట్టాడు. బయట మాస్టారును మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి తలుపుకు ఆనించారు.

"టీచరమ్మా, నువ్వు తీస్తే మేం ఆపుతాం," అంది చిన్నయ్య గొంతు, పక్కింటివాడు పలకరించినంత నెమ్మదిగా. "తొందరేం లేదు. లెక్కల్లో దిట్టవుగా, లెక్కపెట్టుకో."

వద్దనుకుంటూనే ఆమె లెక్కపెట్టింది. చెక్కకు తగిలిన దెబ్బ మోగుతుంది. మనిషికి తగిలిన దెబ్బ తడిబట్టను బండకేసి బాదినట్టుంటుంది. ఏడో దెబ్బకు ఏదో విరిగింది. పన్నెండో దెబ్బ దాకా ఆయన మూలుగు వినిపించింది. ఆ తర్వాత దెబ్బలే వినిపించాయి.

ఆమె చెయ్యి అడ్డగడియ మీదికి వెళ్లింది. గడియారం తాత దిగివచ్చి తన చెయ్యి దాని మీద వేశాడు.

"ఇంకో నాలుగు పేర్లేనమ్మా. ఓర్చుకో. మీ ఆయన కోరిందీ ఇదే."

"ఓర్చుకుంటున్నది ఆయన, తాతా."

వెనకనుంచి ఇద్దరు ఆమె భుజాలు పట్టుకున్నారు. ఆమె వంగి తాత మణికట్టును రక్తం వచ్చేదాకా కొరికింది. అడ్డగడియ ఊడదీసి వెనక్కి విసిరిన విసురుకు ఒకడి దవడ పగిలింది. తలుపు తెరుచుకుంది. దానికి ఆనుకుని ఉన్న మాస్టారు లోపలికి, ఆమె ఒళ్లోకి పడ్డాడు.

"సభ చెల్లదు," అని చిన్నయ్య ఆయన్ని దాటుకుంటూ వచ్చాడు. లోపలివాళ్లు బెంచీలెత్తి మీదపడ్డారు. తలలు పగిలాయి, ఒకడి కన్ను పోయింది. అవేవీ ఆమె చూడలేదు.

"తీశావా," అన్నాడు మాస్టారు. అది కోపమో ఊరటో ఆమెకు తెలియలేదు. అడిగేలోపే పోయాడు.

చిన్నయ్యను, అతని మనుషులను జైల్లో పెట్టారు. అయినా అతను జైలు నుంచే కాగితం రాశాడు: సభ చెల్లలేదు, అధికారం మా ఇంటిది, బడిని మిషనుకు ఇస్తున్నాను. దాన్ని తేల్చడానికి సర్కారు నుంచి ఒక అధికారి వస్తున్నాడన్నారు. ఈలోగా పెద్దలు గుమ్మం లోపలి రక్తం కడిగించారు. ముగింపు ప్రార్థన అయ్యాకే తలుపు తీశామని ఎనభైమందీ ఒక్క మాట అనుకున్నారు.

సమాధి చేసిన మూడో రోజు గడియారం తాత మణికట్టుకు కట్టుతో ఆమె ఇంటికి వచ్చాడు.

"మెట్ల మీదే పోయాడని చెప్పమ్మా, చాలు. మూడొందలమంది పిల్లలు. హంతకుడి మాట ఎవడు నమ్ముతాడు? మిగిలింది నీ మాటే. వాడు ప్రాణమిచ్చింది దేనికో నీకు నేను చెప్పాలా?"

చెప్పమన్నది అబద్ధమే అయినా, చెప్పమన్న కారణంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదని ఆమెకు తెలుసు. చెప్తానంది. రాత్రంతా ఆ వాక్యాన్ని మనసులో అప్పజెప్పుకుంది.

మర్నాడు ఆఫీసు గదిలో అధికారి అడిగాడు: "తలుపు ఎప్పుడు తీశారు?"

పెద్దలు తొమ్మిదిమందీ గోడవారగా నిలబడి ఉన్నారు. ఆమె నోరు తెరిచింది. ఆ మాట చెప్పాలంటే ముందు ఆయన్ని అక్కడ పడుకోబెట్టాలి: మూసిన తలుపుకు అవతల, తల కింద ఎవరి చెయ్యీ లేకుండా.

"పేర్లు పూర్తికాకముందే," అంది. "నేనే తీశాను. ఆయన లోపల పోయాడు, నా ఒళ్లో. ఒకసారి బయట ఉంచానండీ. ఇంకోసారి ఉంచలేను."

అధికారి రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు.

"బడి పోయిందమ్మా," అన్నాడు గడియారం తాత. ఆ గొంతులో తిట్టు లేదు.

"తెలుసు తాతా," అని ఆమె సంతకం పెట్టింది.