మంచె మీది కూత

వినుతకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు పీటర్ దాన్ని కెలికాడు.

కర్ణాటక సరిహద్దు ఊరు చాకవేలులో, ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె ఫోనులో ఆడేది నలుగురి జట్టు ఆట. కెప్టెన్ పీటర్‌ది ఇంగ్లండ్, సితిది ఇండోనేషియా, ఎమ్రేది టర్కీ. ఆటలో గోపురమెక్కి, శత్రువులు ఎటు నుంచి వస్తున్నారో చెప్పడం వినుత పని. చూడడం రెప్పపాటులో చూస్తుంది. కన్నడ మీడియం పిల్ల ఇంగ్లీషు మాట కూర్చుకునేసరికి మాత్రం ఆటలో సితి చచ్చి ఊరుకుంటుంది.

"సరైన ఇంగ్లీషు మాట్లాడు, లేదంటే మైకు మూసెయ్. ఆదివారం ఫైనల్లో తడబడితే జట్టులో ఉండవు" అన్నాడు పీటర్.

వినుతకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. సితికీ ఎమ్రేకూ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ముగ్గురూ పరాయి మాటలో తడుముకోవాలి, వాడొక్కడు సొంత మాటలో దర్జాగా ఆడాలి. ఇదేం న్యాయం?

మొక్కజొన్న చేనికి కాపలా పోయినప్పుడూ గొణుగుతూనే ఉంది. మంచె మీద అక్కయ్యమ్మ అవ్వ నవ్వింది.

"చిలకలు వాలినాక మాటలు ఎతుక్కుంటా కూచుంటే కంకులు మిగులుతాయామ్మే? కూతెయ్యాల!"

పొడుగ్గా ఒక కూత వేస్తే చిలకలు ఎడమగట్టున వాలినట్టు. పొట్టిగా రెండు వేస్తే కుడిగట్టున. నాలుకతో టకటకమంటే వెనక. వినుతకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య అది.

రెండు సాయంత్రాలు ఫోనులోనే సితికీ ఎమ్రేకూ ఆ కూతలు నేర్పింది. వాళ్ల వరిచేలలో అమ్మ కూడా ఇట్లాగే అరుస్తుందని సితి పకపకా నవ్వింది. పీటర్‌కూ చెప్పబోతే, "అడవి అరుపులు నా జట్టులో వద్దు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం గోపురమెక్కగానే వినుత మైకు తెరిచింది. శత్రువులు వెనక. టకటకమంది. సితి, ఎమ్రే గిర్రున తిరిగారు. పీటర్ మాత్రం "ఇంగ్లీషు!" అని కేకలేసి, ఆమె గొంతు తనకు వినబడకుండా చేసుకుని నేరుగా ముందుకు పోయాడు. వెనక నుంచి తగిలిన మొదటి దెబ్బకే మట్టి కరిచాడు.

మిగిలిన ముగ్గురూ కూతల మీదే ఆట సాగించారు. వీధిలో పోతున్న బయ్యప్ప ఆగాడు.

"ఏమ్మా, ఇంట్లోకి చిలకలొచ్చినాయా?"

"వచ్చినాయప్పా, తోల్తాండా!" అని ఇంకో కూత వేసింది వినుత.

గెలిచారు. పీటర్ నుంచి ఒక మెసేజి వచ్చింది: "ఆ అరుపులు నాకూ నేర్పు."

వినుత తన ఇంగ్లీషులోనే జవాబు కొట్టింది. "నేర్పుతా. ముందు నీ మైకు మూసి విను."

తప్పుందని ఫోను ఎర్రగీత గీసి చూపించింది. వినుత దిద్దకుండానే పంపింది.