గులాబీ పూల జవాబు

సత్తెమ్మ ఎస్.ఆర్. నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త పోయాక ఊరు విడిచి వచ్చి, వంటింటి వెనకున్న చిన్న గదిలో కాపురం పెట్టింది. కూతురు నవీన కరీంనగర్‌లో మేనత్త చంద్రమ్మ ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ నవీనే తల్లి దగ్గరున్న పాత బటన్ల ఫోను తీసేసి, కొత్త స్మార్ట్‌ఫోను చేతిలో పెట్టింది. ఆ ఏడాది ఎవరి చేతిలో చూసినా అదే ఫోను. హాస్టల్లోనూ సగం మందికి అదే.

"అందరి దగ్గర ఉన్నదే తీసుకున్ననే అమ్మా. నీకేమన్న సమజ్ గాకపోతే ఎవరినడిగినా చెప్తరు" అంది.

అదీ నిజమే. చార్జర్ చెడిపోతే ఏ గదిలోనైనా దొరికేది. వాన చినుకు పడి తెర పిచ్చిపిచ్చిగా ఎగిరితే, దారినపోయే పిల్ల ఆగి ఏదో నొక్కి బాగుచేసి పోయేది. ఉల్లిగడ్డలు కోస్తూ పాటలు వినేది. నవీన బడిలో జెండా పండుగకు కట్టుకున్న చీర ఫొటోను వేలితో పెద్దగా చేసి, కుచ్చిళ్ళు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకునేది.

నష్టాలూ తక్కువేం కాదు. ఒకసారి ఎవరో సకినాలు చుట్టే వీడియో చూస్తూ కూర్చుంటే పప్పు అడుగంటింది. ఆ పూట పిల్లలందరూ మాడు వాసన పప్పే తిన్నారు. కానీ సత్తెమ్మను లోలోపల కలచివేసింది అది కాదు. పాత ఫోను ఉన్నన్నాళ్ళూ నవీన పొద్దుగూకాక ఫోను చేసి కాసేపైనా మాట్లాడేది. ఇది వచ్చాక ఫోన్లు తగ్గి, మెసేజ్‌లు పెరిగాయి. సత్తెమ్మకు అక్షరం ముక్క రాదు.

ఆ సంగతి నవీనకు తెలియక కాదు. హాస్టల్ పిల్లల చేత చదివించుకుంటుందిలే అనుకుంది. సత్తెమ్మ మొదట్లో చదివించుకుంది కూడా. అయితే ఆ పిల్లలు కోచింగ్‌కు ఉరుకుతూనో, కంచం ముందు కూర్చొనో పైపైన చూసి, "బాగున్నవా, తిన్నవా అంటుంది ఆంటీ" అని ఫోను తిరిగిచ్చేసేవారు. మరొకరైతే నలుగురూ తింటున్నచోట గట్టిగా చదివారు. నవీనకు జ్వరమొచ్చిందనీ, చంద్రమ్మ ఏదో అన్నదనీ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలిసిపోయింది. ఇంటి గుట్టును కూరలా వడ్డించినట్టయింది సత్తెమ్మకు. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. మెసేజ్ వచ్చిందంటే, నవీన నేర్పిన ఒకే ఒక్క జవాబు పంపేది. అది గులాబీ పువ్వు బొమ్మ. బిడ్డ ఏం రాసినా గులాబీయే.

హాస్టల్లో నాగేశ్వరి అని ఒక అమ్మాయి ఉంది. తెనాలి నుంచి వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. పంజాగుట్టలో ఒక ఆఫీసులో వచ్చిన ఫోన్లు అందుకునే ఉద్యోగం. చేతికర్ర పట్టుకుని రోజూ ఒక్కతే మెట్రోలో వెళ్ళి వస్తుంది. ఆమెదీ అదే ఫోను. ఎప్పుడూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే ఉంటుంది కాబట్టి, ఆ పిల్ల ఫోనుతో ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో సత్తెమ్మకు తెలియదు. పాటలు వింటుంది కాబోలు అనుకునేది.

ఒక సోమవారం పొద్దున వంటింటి గట్టు మీద రెండు ఫోన్లూ పక్కపక్కన చార్జింగ్‌కు పెట్టి ఉన్నాయి. రెండింటికీ నల్ల కవర్లే. నాగేశ్వరి చేతికి అందినది తీసుకుని ఆఫీసుకు బయల్దేరింది. సత్తెమ్మ మిగిలినది సంచిలో వేసుకుని, కూరగాయలకని ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్ళింది.

టమాటాలు ఏరుతూ, పొద్దెంతయిందో చూద్దామని ఫోను తీసి పక్కనున్న బటన్ నొక్కింది. ఆడగొంతు ఒకటి గంటెంతో పైకి చెప్పింది. సత్తెమ్మ ఉలిక్కిపడి తెర మీద వేలు వేస్తే మళ్ళీ మాట్లాడింది. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ మాట. టమాటాలమ్మే సాయిలు తక్కెడ ఆపి చూశాడు. ఫోనుకు సుత నోరొచ్చిందా అని నవ్వాడు. పాడైపోయిందేమోనని ఆమె మళ్ళీ తెర తడిమింది. ఇంకోచోట వేలు పడగానే ఆ గొంతు తీరిగ్గా అంది: "అమ్మ. నాగేశ్వరీ, ఆఫీసుకు చేరావా? ఫోను ఎత్తడం లేదేంటి?"

సత్తెమ్మకు అప్పుడు అర్థమైంది ఇది తన ఫోను కాదని. ఆ పిల్ల కళ్ళు ఇక్కడ తన చేతిలో ఉన్నాయి. అక్కడ తెనాలిలో తల్లి గాబరా పడుతోంది. కూరగాయల సంచి సాయిలు దగ్గరే ఉంచి, మధ్యాహ్నం వంటకు జర ఆలస్యమవుతుందని హాస్టల్ యజమాని కృష్ణమోహన్‌కు సాయిలు ఫోను నుంచే కబురు చెప్పించి, ఎర్రగడ్డ స్టేషన్లో మెట్రో ఎక్కింది. అమీర్‌పేటలో జనం తోసుకుని దిగుతుంటే, ఎక్కుతుంటే, ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకుని ఒక మూల నిలబడింది. పంజాగుట్టలో దిగి, ఒకసారి వానలో నాగేశ్వరిని దిగబెట్టిన గుర్తు మీద ఆ ఆఫీసు మెట్లెక్కింది.

నాగేశ్వరి భద్రంగానే ఉంది. రోజూ నడిచే దారి కనుక ఆఫీసుకు చేరడం కష్టం కాలేదట. ఫోను ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, స్టేషన్లోనే సంగతి తెలిసిపోయిందట. ఆఫీసు ఫోను నుంచి తెనాలికి చేసి తల్లికి ధైర్యం చెప్పింది కూడా. సత్తెమ్మ చెయ్యి తగలగానే ఆమె ముఖం విప్పారింది.

"ఇంత దూరం మీరెందుకు వచ్చారు సత్తెమ్మ గారూ? సాయంత్రం తీసుకునేదాన్ని కదా."

"మీ అమ్మ మెసేజ్ పెట్టింది బిడ్డా. గిది చదివి చెప్పింది. నేను విన్న, ఏమనుకోకు" అని సత్తెమ్మ ఫోను చేతిలో పెట్టింది. పెట్టాక కూడా కదల్లేదు. గొంతు తగ్గించి అడిగింది. "నాది సుత గిట్ల చదువుతదా?"

ఇన్నాళ్ళూ సత్తెమ్మ ఎవరికీ చెప్పుకోని ముచ్చట ఆ ఒక్క ప్రశ్నతో నాగేశ్వరికి అర్థమైపోయినట్టుంది. రెండూ ఒకటే రకం ఫోన్లు కనుక దీనిలో ఉన్నదల్లా దానిలోనూ ఉంటుందనీ, పైగా కళ్ళున్నవాళ్ళకు ఇంకా తేలికైన పద్ధతి ఒకటుందనీ చెప్పింది. పక్క సీటులోని మంజూషను పిలిచి, తనతో వచ్చేసిన సత్తెమ్మ ఫోను ఇచ్చి, సెట్టింగుల్లో ఏ వరసలో ఏముంటుందో చూడకుండానే చెబుతూపోతే, మంజూష నొక్కుతూపోయింది. చివరికి తెర అంచున చిన్న మనిషి బొమ్మ వచ్చింది. ఆ బొమ్మను నొక్కి, చదవాలనుకున్నదాన్ని ముట్టుకుంటే చాలట.

నాగేశ్వరి తన ఇయర్‌ఫోన్ తీసి సత్తెమ్మ చెవిలో పెట్టింది. "ఇక మీ అమ్మాయి మాట మీకు తప్ప ఎవరికీ వినపడదు" అంది.

మొదటి మెసేజ్ ఏమీ అర్థం కాలేదు. నవీన తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. ఆ గొంతు వాటిని దొరసాని తెలుగులా నమిలి నమిలి పలికింది. సత్తెమ్మ ముఖం చిన్నబోయింది. కానీ పైకి జరుపుతూ వెళ్తే తెలుగులో రాసినవీ దొరికాయి. అందులో ఒక పెద్ద మెసేజ్‌ను ముట్టుకుంది.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవాలని ఉందని రాసింది నవీన. బడిలో ఎన్నాళ్ళు చేసినా ఇంతేననీ, తోటి టీచరు మధులత అలాగే నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుందనీ చెప్పింది. అత్త ఇంట్లో ఈ మాట పైకి అనలేననీ, అందుకే ఫోనులో మాట్లాడకుండా రాస్తున్నాననీ అంది. చివర్న ఇలా ఉంది: "నీ గదిల నాకింత జాగ ఉంటదా అమ్మా? వద్దంటే వద్దని చెప్పు, ఏమనుకోను."

దాని కింద సత్తెమ్మ పంపిన గులాబీ.

ఇంకో మెసేజ్‌లో మళ్ళీ అదే అడిగింది. దాని కిందా గులాబీయే. మూడోసారి రాసింది ఒక్క ముక్క: "సరే అమ్మా, తర్వాత చూద్దం." దానికీ గులాబీ.

సత్తెమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. బిడ్డ గడప దగ్గర నిలబడి లోపలికి రానా అని అడుగుతుంటే, తాను పువ్వులిచ్చి పంపేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోటితో చెప్పింది చెప్పినట్టు పంపే మైకు బొమ్మ ఎక్కడుంటుందో నాగేశ్వరి మంజూషతో చూపించింది. ఇద్దరూ పక్కకు వెళ్ళారు.

సత్తెమ్మ ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది. "బిడ్డా, నేను అమ్మను. నువ్వు రాసింది ఇయ్యాల్నే విన్న. నాకు ఎవ్వలు సరిగ చదివి చెప్పలే. నా గదిల నీకు జాగ లేకపోతే ఇంకెవ్వలకు ఉంటది? రా. ఇంక మీద తెలుగు అక్షరాలల్ల రాయి, నేను చదువుకుంట."

మెసేజ్ వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది. నవీన బడి మెట్ల మీద నుంచి మాట్లాడుతోంది, వెనక పిల్లల గోల. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నువ్వు చదువుకుంటవా అమ్మా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఎలా చదివిందో, ఎవరు నేర్పారో సత్తెమ్మ చెప్పుకొచ్చింది. పరీక్షలు అయ్యాక వస్తానంది నవీన. అత్తకు నేను చెప్తలే, నువ్వు ఫికర్ చేయకు అంది సత్తెమ్మ. తన గదిలో ఇద్దరుంటే కృష్ణమోహన్ గొణుగుతాడని తెలుసు. ఆరేళ్ళుగా ఆయన హాస్టల్ పొయ్యి ఆరకుండా చూసిన తన మాట తీసెయ్యడనీ తెలుసు. ఒప్పించాలి, ఒప్పిస్తుంది.

తిరుగు మెట్రోలో కూర్చోవడానికి చోటు దొరికింది. ఇయర్‌ఫోన్‌ను నాగేశ్వరి సాయంత్రం దాకా ఉంచుకోమంది. సత్తెమ్మ ఆ పెద్ద మెసేజ్‌ను మళ్ళీ ముట్టుకుంది. ఈసారి వినడమే కాదు, చూసింది కూడా. గొంతు ఏ మాట పలుకుతుంటే తెర మీద ఆ మాట వెలుగుతోంది. ఇందాక కన్నీళ్ళలో అది కనిపించలేదు. "అమ్మా" అని గొంతు పలికినప్పుడు ఒక చిన్న మాట వెలిగింది. సత్తెమ్మ దాన్ని మళ్ళీ చదివించి, మళ్ళీ చూసింది. ఇంకో మెసేజ్‌లోకి వెళ్ళి, గొంతును పిలవకుండా తానే వెతికింది. రెండో వరసలో దొరికింది. అదే రూపు, అదే వంపు.

రైలు అమీర్‌పేటలో ఆగింది, జనం మారారు. సత్తెమ్మ తల ఎత్తలేదు. ఆ మాట మీద వేలు పెట్టి, పక్కనున్న మాట ఏమై ఉంటుందా అని చూస్తోంది.