అక్క కాలి గోరు

పసిపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఆ చెల్లెల్ని ఇంట్లో అందరూ బెంగమ్మ అనే పిలిచేవారు. ఒంటిమీద చీమ కుట్టినా ఆమెకు అదేదో పెద్ద జబ్బుకు మొదలే. ఈసారి వీపు మీద, జాకెట్టు అంచు దగ్గర గోధుమరంగు మచ్చ ఒకటి కనబడింది. రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని చూసింది. ఫోనులో బొమ్మలు వెతికింది. చూసిన ప్రతి బొమ్మా తన మచ్చలాగే ఉంది. ఘాటు సబ్బుతో తోమితోమి వీపంతా ఎర్రగా కందిపోతే, జబ్బు పాకుతోందని అన్నం కూడా సరిగా తినడం మానేసింది.

చివరికి దర్జీపని చేసే అక్క విసిగిపోయింది. "పద, ఆ డాక్టరమ్మ చేతే చెప్పిస్తాను నీకేం లేదని. నా ప్రాణం తోడేస్తున్నావు" అని కత్తెర పక్కన పడేసి, చెల్లెల్ని చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ లైటున్న భూతద్దం వీపుకు ఆనించి చాలాసేపు చూసింది.

"వయసుతో వచ్చే మామూలు మచ్చమ్మా ఇది. హాని లేదు. ఆ ఎరుపు మాత్రం మీరు కొనితెచ్చుకున్నదే. ఘాటు సబ్బు మానేసి, స్నానం కాగానే ఒంటి తడి ఆరకముందే క్రీము రాసుకోండి."

"రేపు మారితేనో?"

"నెలకోసారి మంచి వెలుతురులో తల నుంచి అరికాళ్ల దాకా చూసుకోండి. కొత్తగా వచ్చిందో, మారుతున్నదో, మానని పుండో, మిగతావాటిలా లేనిదో కనిపిస్తే రండి. మధ్యలో చూడొద్దు, ఫోనులో అసలు వెతకొద్దు. అయినా భయం వదలకపోతే దానికీ వైద్యం ఉంది. ఎవరి దగ్గరికి వెళ్లాలో నేను చెబుతాను."

"విన్నావా? ఇంక నన్ను కాల్చుకు తినకు" అంటూ అక్క లేచి, జారిన చెప్పులో కాలు దూర్చబోయింది. డాక్టరమ్మ చూపు ఆ కాలి మీదే ఆగింది.

"ఆ బొటనవేలు ఒకసారి చూపిస్తారా?"

"ఇదా? ఎప్పుడో ఇస్త్రీపెట్టె పడింది. రెండేళ్లవుతుందేమో."

"దెబ్బకు కమిలిన నలుపైతే గోరుతోపాటు పెరిగి ఈపాటికి పోవాలి. ఈ గీత వెడల్పవుతోందా?"

అక్క కాలు వెనక్కి లాక్కోబోయింది. బెంగమ్మ వంగి చూసింది. గోరు పొడవునా నల్లటి గీత. గోటి మొదలు దగ్గర ఆ నలుపు చర్మంలోకీ పాకింది. ఇన్నాళ్లూ తన వీపే చూసుకుంది గానీ పక్కనే కూర్చుని మిషను తొక్కే అక్క కాలివైపు ఒక్కసారీ చూడలేదు.

"చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఏమీ కాకపోవచ్చు. కానీ వదిలేయకూడదు" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో ఇందాకటి తేలికదనం లేదు.

వీధిలోకి రాగానే అక్క అడుగుల వేగం పెంచింది.

"చేతినిండా పనుంది. తర్వాత చూద్దాం."

"రేపే వెళ్దాం."

"అంతా నీ నోటి చలవే. భయపడి భయపడి నిజంగానే తెచ్చిపెట్టావు నా నెత్తిమీదికి."

ఆ మాట బెంగమ్మ గుండెలో గుచ్చుకుంది. ఇంకోరోజైతే ఏడ్చేది. "తిట్టక్కా. తిట్టుకుంటూనే రా" అంది.

మర్నాడు ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా అక్క చేతిలో ఏ పనీ సాగలేదు. జాకెట్టుకు కుడిచెయ్యి ఉండాల్సిన చోట ఎడమచెయ్యి కుట్టి, విప్పి, మళ్లీ అలాగే కుట్టింది. బెంగమ్మ బడి వదలగానే వచ్చి పక్కన కూర్చునేది. ఫోను సంచీలోంచి తీసేది కాదు.

"నువ్వు రోజూ ఇలాగే ఉండేదానివా?" ఒక సాయంత్రం అక్క అడిగింది.

"ఇలా అంటే?"

"లోపల ఏదో పీకుతున్నట్టు. ఎవరేం చెప్పినా చెవికెక్కనట్టు."

"ఇలాగేనక్కా."

"నేనేమో నవ్వేదాన్ని" అని అక్క తల దించుకుని దారం తెంపింది.

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ డొంకతిరుగుడు లేకుండా చెప్పింది. "క్యాన్సరే. కానీ ఇంకా పైపొరలోనే ఉంది, లోపలికి దిగలేదు. గోరూ దానికింది చర్మమూ తీసేసి, వేరేచోటి చర్మం అతికిస్తారు. వేలు ఉంటుంది."

అక్కకు మొదటి మాటే వినిపించింది. మిగతాదేమిటో చెప్పమన్నట్టు చెల్లెలి ముఖంలోకి చూసింది. బెంగమ్మ ఆపరేషను ఎప్పుడు, ఎన్నాళ్లకు నడుస్తుంది, మళ్లీ వస్తే ఎలా తెలుస్తుందని ఒక్కొక్కటే అడిగింది. తనకోసం కూడబెట్టుకున్న ప్రశ్నలన్నీ అక్కకోసం అడిగి, బయటికొచ్చాక బల్లమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి అక్క ఆమెను ఆపలేదు.

ఆపరేషను బాగానే జరిగింది. జబ్బు ఆనవాళ్లేవీ మిగల్లేదన్నారు. పుండు మానేదాకా అక్క రెండోకాలితోనే మిషను తొక్కింది. బెంగమ్మ భయం పూర్తిగా పోలేదు. డాక్టరమ్మ చెప్పిన మనోవైద్యుడి దగ్గరికి వెళ్తోంది. కొన్నిరోజులు బాగుంటుంది, కొన్నిరోజులు చెయ్యి దానంతటదే వీపు మీదికి పోతుంది. అక్క కాలు చూపించుకోవాల్సినప్పుడల్లా ఇద్దరూ కలిసే వెళ్తారు. లోపలినుంచి పిలుపు వచ్చేదాకా, వీపు మీదికి పోబోయే చెల్లెలి చేతిని అక్క తన చేతిలో పట్టుకుని కూర్చుంటుంది.