బజారులో పల్లేరు, తంగేడు

పులివెందుల నుంచి జమ్మలమడుగుకు కోడలై వచ్చిన హఫీజాకు భర్త లాల్ బాషా ఫోటో స్టూడియోలో ఒక సరదా దొరికింది. అత్తతో కట్టెలకు పోయినప్పుడల్లా ఒడినిండా మొక్కలు తెచ్చుకునేది. ఫోటో కాగితం మీద ఒక్కో మొక్కను పరిచి, పైన గాజుపలక పెట్టి ఎండలో ఉంచేది. కాగితమంతా ముదురు గోధుమ రంగుకు తిరిగేది. స్టూడియో మందునీళ్లలో కడిగి ఆరబెడితే, మొక్క ఉన్నచోట మాత్రం ఈనెలతో సహా తెల్లటి బొమ్మ నిలిచేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడుతోందని ఊరంతా ఒకటే సంబరం. ఉత్సవ సంఘం పెద్ద గురురాజారావు మాస్టారు పందిరికి నాయకుల ఫోటోలు అడగడానికి వచ్చి, ఆరబెట్టిన మొక్కల బొమ్మలు చూసి ఆగిపోయాడు.

"ఎవురు చేసిండేది ఇవి?"

"మా ఇంట్లో ఆమె సార్. ఏదో పొద్దుపోక..." నసిగాడు లాల్ బాషా.

"పొద్దుపోక ఏందప్పా! ఇవే కడదాం. రాష్ట్రమంటే మన నేల గూడా గదా!"

తెర వెనక హఫీజాకు కాళ్లు నేలమీద నిలవలేదు.

పండగనాడు బజారు పొడవునా తాళ్లకు తంగేడు, జిల్లేడు, పల్లేరు, బలుసు వేలాడాయి. "కలుపుకు గూడా పండగేనా?" అని ఎవరో నవ్వబోతే వనజమ్మ అనే ముసలామె అతన్ని పక్కకు నెట్టింది.

"బలుసాకురా అది! కరువులో మా పిల్లోళ్లను బతికించింది ఇదే."

"తంగేడును మా ఇండ్లల్లో ఉర్దూలో తర్వర్ అంటాం" అంది గుంపులోంచి సైదాబీ. ఇక ఎవరి పేరు వాళ్లు చెప్పడం, మా చేనిగట్టుదని వాదించుకోవడం!

అంతలో వాన అందుకుంది. మగవాళ్ల ముందు ఎప్పుడూ గొంతెత్తని హఫీజా వీధిలోకి ఉరికింది.

"తడుస్తాండాయప్పా! పట్టుకోండి!"

జనం తాళ్లు తెంపి, బొమ్మల్ని పైటల కింద, తువ్వాళ్లలో దాచుకుని స్టూడియో వసారాలోకి తోసుకొచ్చారు.

"యాడామెప్పా ఈమె?" అన్నారెవరో.

"ఇంగెవురు, మనూరామే!" కసిరింది వనజమ్మ. బలుసు బొమ్మ మాత్రం తిరిగి ఇవ్వలేదు. "ఇది నాది తల్లీ."

"తీసుకో అవ్వా!" హఫీజా పకపకా నవ్వింది.

మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చాడు. "ప్రొద్దుటూరోళ్లు చూసిపోయినారమ్మా. ఆడ గూడా కట్టాలంట."

"ఆడి మొక్కలు ఆడనే ఏరుకోవాల సార్. ఎప్పుడు పోదాం?"

అప్పటికే లాల్ బాషా గాజుపలకలను గుడ్డల్లో చుడుతున్నాడు.