ఒక కన్ను తెరిచిన ప్రార్థన

నాలుగేళ్ల కిందట మన ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయిన బాధని దేశం ఎప్పుడో దిగమింగుకుంది. ప్రత్తిపాడు లెక్కల మాస్టారు జక్రయ్య మాత్రం ఇంకా మింగలేదు. ఆరోజు బావమరిది శ్యామ్ సుందర్‌ని పిలిచి మరీ టీవీ ముందు కూర్చోబెట్టి, అది దిగకముందే మైసూర్‌పాక్ పంచేశాడు. ఆ మైసూర్‌పాక్ తిన్న నోటితోనే శ్యామ్ సుందర్ అప్పట్నుంచీ ప్రతి పెళ్లిలోనూ, ప్రతి సమాధుల పండక్కీ ఒకటే అడుగుతున్నాడు.

"ఏం బావా, మీ బండి దిగిందా?"

ఈసారి దిగి తీరాలి. దేశం కోసం. ముఖ్యంగా శ్యామ్ సుందర్ కోసం. అందుకని జక్రయ్య యాభై అయిదు అంగుళాల టీవీ కొన్నాడు.

"బాత్‌రూం కప్పు కారతా ఉంటే టీవీ ఎందుకండీ?" అంది భార్య దేవకుమారి.

"కప్పు బాగుచేయిస్తే ఎవడు చూస్తాడే?"

దేశాలు రాకెట్లు ఎందుకు పంపుతాయో ఇంతకన్నా స్పష్టంగా ఏ శాస్త్రవేత్తా చెప్పలేదు.

ల్యాండర్ దిగేది బుధవారం సాయంత్రం ఆరు దాటాక. ప్రతి బుధవారం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక. పదిమందీ టీవీ చూస్తారు కదాని, వచ్చేవారం రావాల్సిన తన వంతుని జక్రయ్యే అడిగి ముందుకి జరిపించుకున్నాడు. పాస్టరుగారి ప్రార్థన ఎంత పొడవుంటుందో మాత్రం లెక్కేసుకోలేదు, లెక్కల మాస్టారు.

అయిదూ నలభై అయిదుకి అందరూ కళ్లు మూశారు. టీవీ నోరు కూడా మూశారు. పాస్టరుగారు పరీక్షలు రాసేవాళ్లనీ, మోకాళ్ల నొప్పులవాళ్లనీ, పత్తిలో గులాబీ పురుగునీ వరసగా ప్రభువు ముందు పెడుతున్నారు. ఆరయింది. జక్రయ్య ఎడమ కన్ను తెరిచాడు. ఎత్తు ఎనిమిది వందల మీటర్లు. పాస్టరుగారు అప్పుడే విదేశాల్లోని సేవకుల దాకా వెళ్లారు. ఇంకా జిల్లాకి తిరిగి రావాలి.

పక్కకి చూస్తే, పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టుకున్న శ్యామ్ సుందర్ కుడి కన్ను తెరిచి ఉంది. ఇద్దరూ దొంగల్లా చూసుకుని మళ్లీ టీవీకేసి తిరిగారు. నూట యాభై మీటర్లు. శ్యామ్ సుందర్ బావ చెయ్యి పట్టుకున్నాడు. నాలుగేళ్లు ఎగతాళి చేసిన మనిషి అరచెయ్యి చెమటతో తడిసిపోయింది.

టీవీలో ఎత్తు చూపించే గీత సున్నాని తాకింది.

"దిగిందిరోయ్! మన బండి దిగింది!"

గావుకేక పెట్టింది శ్యామ్ సుందరే. మూసిన కళ్లన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"ఆమేన్," అన్నారు పాస్టరుగారు. ఆయన కుర్చీ మొదట్నుంచీ టీవీకి ఎదురుగానే ఉందని జక్రయ్యకి అప్పుడు తట్టింది.

తర్వాత చప్పట్లు, కేకలు, వీధిలో టపాకాయలు. శ్యామ్ సుందర్ పరిగెత్తుకెళ్లి రెండు కేజీల మైసూర్‌పాక్ తెచ్చాడు.

"అక్కడ నీళ్లున్నాయేమో చూస్తారంటగా?" అంది దేవకుమారి. "మన బాత్‌రూం కప్పులో ఉన్నాయి. పొద్దున్నే మీరూ ఎక్కి చూడండి."

జక్రయ్యకి వినపడలేదు. అతను బావమరిదినే చూస్తున్నాడు.

"ఏం శ్యామూ, దిగిందా?"

"దిగింది బావా!"

జక్రయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకోసారి అడిగాడు.