త్సా వచ్చిందా?

ముసలాయన్ని ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు దోపి, గుయ్‌లాన్ మూత్రం సంచిని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. నల్ల టీ రంగు, నిన్నటికంటే తక్కువ. డాక్టర్లు చేతులెత్తేశాక ఆ రంగుతో ఎవరికీ పని లేదు. అయినా ఏళ్ళ తరబడి పొద్దున్నే చేసిన పని కాబట్టి చెయ్యి ఊరుకోదు.

యాభై దాటిన పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, క్లోరిన్ నీళ్ళలో నాని పాలిపోయిన గోళ్ళు. ఎడమ తుంటి నొప్పి వల్ల కాస్త ఒరిగి నడుస్తుంది. ఒక ఏడాది ఊళ్ళో బంగాళాదుంపలు ఎండిపోతే, ఒక్క చలికాలం గడుపుకుందామని శినింగ్ పట్నం పెద్దాసుపత్రిలో ఆయాగా చేరింది. ఆ చలికాలం ఇంకా గడవలేదు. రోగి తాలూకు వాళ్ళే రోజుకూలీ ఇస్తారు. పగలంతా రోగి మంచం కింద ఉండే ఆమె మడతమంచం రాత్రి కాగానే పక్కకు వస్తుంది.

హాన్ చైనీయురాలే అయినా, కొండల మీంచి దిగే టిబెటన్ పశువుల కాపరులు ఆమె కోసమే వెతుక్కుంటారు. వాళ్ళ మాట వచ్చు మరి. ఎక్కడ నొప్పి, నీళ్ళు తాగు, అటు తిరుగు, విరేచనం అయిందా. అంతవరకు మహా ధారాళం.

"నీ టిబెటన్‌లో రోగాలు తప్ప ఏమీ లేవు కదే అమ్మాయ్," అని మొదటిరోజే ఎగతాళి చేశాడు ఈ ముసలాయన, గొన్‌పో క్యాబ్. "ఒంట్లో బాగున్నప్పుడు ఆడుకునే మాటలు కూడా ఉంటాయి. మా గుడారానికి రా, నేర్పిస్తా."

ఇప్పుడు అంత పొడుగు మాట ఆయన వల్ల కావడం లేదు. లివరు చెడి, కడుపు కుండలా ఉబ్బి, కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. ప్రాణం పోయేలోగా సొంత నేల మీదకు చేర్చాలని కొడుకు వ్యాను కోసం తమ గోలోగ్ కొండలకు వెళ్ళాడు. సాయంత్రానికి వస్తాడు. అంతవరకు తోడుగా, బడి సెలవులకు వచ్చిన తన పధ్నాలుగేళ్ళ కూతురు పాల్మోను వదిలివెళ్ళాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పిల్ల ఐదేళ్ళ వయసు నుంచి హాస్టలు బడిలో పెరిగింది. చైనీస్ గలగలా మాట్లాడుతుంది. తాత మాట అర్థం కాదు. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్యా తండ్రి ఉండి నెట్టుకొచ్చాడు. ఇవాళ ఆ పని గుయ్‌లాన్ నెత్తిన పడింది. ఒకే ఇంటి టిబెటన్లిద్దరికి తాను దుబాసీ కావడమేమిటని ఆమెకే సిగ్గుగా ఉంది. ఇద్దరూ మాట్లాడుకోవడానికి మిగిలింది మాత్రం ఈ ఒక్క పగలే.

ముసలాయన కళ్ళు తెరిచి మనవరాలి వైపు చూశాడు. "త్సా వచ్చిందా?" అన్నాడు.

గుయ్‌లాన్‌కు త్సా బాగా తెలుసు. త్సా అంటే నరం. సెలైన్ పెట్టే ప్రతిసారీ వినే మాట. "నరం దొరికిందా అని అడుగుతున్నాడమ్మా," అని చైనీస్‌లో చెప్పింది. పాల్మో పరిగెత్తి నర్సును పిలుచుకొచ్చింది. నర్సు సూది తీసి వేరే చోట గుచ్చింది. ముసలాయన మొహం చిట్లించి, మళ్ళీ అదే అడిగాడు. "త్సా వచ్చిందా?" ఈసారి రెండో చెయ్యి గుచ్చారు. ఆయన అందరి మొహాలూ ఒకసారి చూసి, గోడ వైపు తిరిగిపోయాడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఆవిరి బన్నులు తింటుంటే గుయ్‌లాన్ ఉండబట్టలేకపోయింది. "ఇంట్లో మాట ఎలా మర్చిపోతారే? నాకే పట్టుబడింది. అదీ ఉచ్చ ఎత్తి పోస్తూ."

"మీకు నేర్చుకుంటే కూలీ వచ్చింది పిన్నీ. నాకు మాట్లాడితే గోడకుర్చీ వచ్చింది."

"అబ్బో. తిండీ, పక్కా, పుస్తకాలూ అన్నీ మీకు ఊరికే ఇస్తున్నారు. మావాడి ఫీజు కోసం నేను ఎన్ని బెడ్‌పాన్లు కడిగానో నీకేం తెలుసు?"

"ఇస్తున్నారు. కాదన్లేదు. మా ఊళ్ళోనే బడి ఉండేది, మా అక్షరాలు చెప్పేవారు. దాన్ని మూసేశారు. హాస్టలుకి పంపకపోతే ఇంటికొచ్చే సాయం ఆపేస్తామన్నారు. నాన్న ఏం చేస్తాడు? మమ్మల్నెవరైనా అడిగారా?"

"మెల్లగా," అంది గుయ్‌లాన్, తలుపు వైపు చూసి.

పిల్ల తలవంచుకుంది. గుయ్‌లాన్ చేతిలో బన్ను చల్లారిపోయింది. అలా చదివించిన కొడుకే ఫోనులో తన యాసను వెక్కిరిస్తూ ఉంటాడు, మనుషుల్లా మాట్లాడమ్మా అని. ఇన్నాళ్ళూ వాడితోపాటు తానూ నవ్వేది. ఇవాళ అది తలుచుకుంటే నవ్వు రాలేదు.

"తాత అన్న మాట మళ్ళీ చెప్పండి," అంది పాల్మో కాసేపయ్యాక.

"త్సా."

"నరం ఒక్కటేనా?"

"నాకు తెలిసింది అదే."

పాల్మో నమలడం ఆపేసింది. "చిన్నప్పుడు అమ్మ దూడల్ని తోలుతూ అనేది. త్సా, త్సా అని. పిన్నీ, నరం కాదు. గడ్డి. గడ్డి మొలిచిందా అని అడుగుతున్నాడు."

గుయ్‌లాన్ ముసలాయన చేతులకున్న కొత్త పట్టీల వైపు చూసింది. "అయ్యో నా నోరు మండ. ఊరికే రెండుసార్లు పొడిపించానే."

పాల్మో అప్పటికే మెట్ల మీద ఉంది. బయట మంచు కలిసిన వాన. తిరిగొచ్చేటప్పటికి నిలువునా తడిసిపోయి, గుప్పెట్లో ఆసుపత్రి పెరటి గడ్డి పట్టుకుని ఉంది. తాత ముక్కు దగ్గర పెట్టి, "త్సా," అంది.

ముసలాయన ఒక పోచ కొరికి నమిలాడు. తరవాత గుయ్‌లాన్ వైపు తిరిగి, అందరికీ అర్థమయ్యేలా మొహం పెట్టి, "కుక్క ఉచ్చ," అన్నాడు. ఆ రెండు మాటలూ గుయ్‌లాన్‌కు వచ్చు. ముగ్గురూ నవ్వారు. ఆయనకు నవ్వు దగ్గైంది, దగ్గు తగ్గాక ఆయనే మొదలుపెట్టాడు.

ఒక పేరు చెప్పి, కడుపు ఉబ్బినట్టు చూపించాడు. జడలబర్రెలు తినకూడని గడ్డి అది. ఇంకో పేరు చెప్పి గుర్రంలా తుమ్మాడు. ఇంకోదానికి పాలు పిండుతున్నట్టు వేళ్ళు ఆడించాడు. పాల్మో ఒక్కొక్కటే పలికింది. తప్పితే ఆయన కసురుకున్నాడు, సరిగ్గా పలికేదాకా వదల్లేదు.

"ఇదేంటే?" అంది గుయ్‌లాన్ ఒక పేరు దగ్గర.

"చైనీస్‌లో ఏమంటారో నాకు తెలీదు పిన్నీ," అంది పాల్మో.

గుయ్‌లాన్‌కు సంతోషం కలిగింది. కొంచెం అసూయ కూడా కలిగింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెకు రాదు. ఇక తనతో పని లేదని తెలిసి, పిల్ల విప్పిన తడి చొక్కా హీటరు మీద ఆరేసి, ఫ్లాస్కు తీసుకుని వేడినీళ్ళకు వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. పాల్మో తాత చెయ్యి పట్టుకుని కదలకుండా కూర్చుంది. గుయ్‌లాన్ ఫ్లాస్కు కింద పెట్టి, ఆయన ముక్కు దగ్గర వేలు ఉంచింది. ఊపిరి లేదు.

"చెయ్యి మెల్లగా వదిలెయ్. ఇంక ముట్టుకోకు, కదపకు. ప్రాణం పూర్తిగా వెళ్ళేదాకా మీవాళ్ళు అలాగే ఉంచుతారు. చెవిలో ఏదైనా చెప్పు."

"నాకు అందరికీ వచ్చే మణి మంత్రం తప్ప ఏదీ రాదు."

"వచ్చిందే చెప్పు."

గుయ్‌లాన్ తెర లాగి బయట నిలబడింది. వరండాలో నర్సు ఆగింది. "ముసలాయన ఎలా ఉన్నాడు?"

"ఇప్పుడే నిద్ర పట్టింది. లేపకండి."

చావు దాచిందని తెలిస్తే రేపట్నుంచి గేటు దగ్గరికి కూడా రానివ్వరు. అయినా తెర వదల్లేదు. లోపల పిల్ల మంత్రం చెప్పడం వినిపించింది. ఆ తరవాత, ఇందాక నేర్చుకున్న గడ్డి పేర్లు తాత చెవిలో ఒక్కొక్కటిగా చెప్పుకుపోయింది. గుయ్‌లాన్ కళ్ళు తుడుచుకుంది.

చీకటి పడుతుండగా ముసలాయన కొడుకు వచ్చాడు. గుయ్‌లాన్ అప్పుడు వెళ్ళి నర్సుతో చెప్పింది. సంతకాలయ్యాయి. ముసలాయన్ని దుప్పట్లో చుట్టి వ్యానులో పడుకోబెట్టాక, కొడుకు తన గొర్రెతోలు కోటు విప్పి వణుకుతున్న కూతురికి తొడిగాడు. అది పిల్ల పాదాల దాకా వచ్చింది.

గుయ్‌లాన్ పైకొచ్చి పక్క దులిపింది. రేపు ఈ మంచానికి ఇంకెవరో వస్తారు. వంగి తన మడతమంచం లాగుతుంటే, కిటికీ కింద హీటరు మీద ఇందాక ఆరేసిన పాల్మో బడి చొక్కా కనిపించింది. సెలవులయ్యాక అది లేనిదే హాస్టలు గేటు తియ్యరు. కిటికీలోంచి కేక వేస్తే వ్యాను ఆగే దూరంలోనే ఉంది. గుయ్‌లాన్ కేక వెయ్యలేదు.

జేబు మీద బడి పేరు కుట్టిన ఆ నీలం చొక్కా, చేతులు వేలాడేసుకుని, హీటరు మీద ఆరుతూ ఉంది.