వెనక గదికి సిగ్నల్

చిలకలగూడలో జకర్యా ఇల్లు పాతది. గోడలు మూరెడు మందం. ఎండ లోపలికి రాదు, వైఫై వెనక గదులకు పోదు. దాని డబ్బా ఉన్నది హాలులో. ఫోన్లకు ప్రాణం ఉండేదీ హాలులోనే.

అందుకని సాయంత్రం ఏడయ్యేసరికి కొడుకు రోనాల్డ్, కోడలు షెకీనా, మనవరాలు ఎలీనా అక్కడే ఉండేవారు. జకర్యా భార్య కాంతమణి పాటల పుస్తకం తెరిచేది. ఉన్నవాళ్ళు ఎక్కడికి పోతారు? కుటుంబ ప్రార్థన జరిగిపోయేది. "మా ఇంట్ల ఒక్కరోజు సుత ప్రార్థన తప్పదు" అని ఆమె ఆదివారం చర్చి బయట తలెత్తి చెప్పుకునేది.

జకర్యాకు అసలు సంగతి తెలుసు. కానీ ఆయన నోరు తెరిచే మనిషి కాదు.

షెకీనాకు ఇంటినుంచే ఆఫీసు పని వచ్చింది. హాలులో కుక్కర్ ఈలలు, వెనక గదిలో సిగ్నల్ సున్నా.

"వీడియో మీటింగ్‌ల మేనేజర్ ముందట నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయిన అత్తయ్యా. అందరు నవ్విన్రు."

"పరేషాన్ కాకు బిడ్డా. ప్రార్థనల పెడత."

పెట్టింది. "ప్రభువా, మా వెనక గదికి సిగ్నల్ దయచేయుము" అని ఆమె గట్టిగా అడుగుతుంటే, కళ్ళు మూసుకుని ఉన్న జకర్యా ఉలిక్కిపడ్డాడు.

ప్రభువు ఆలకించాడు. రోనాల్డ్ షోకేసులో స్టీలు గిన్నెల నడుమ కూర్చున్న డబ్బాను తీసి నడవాలో ఎత్తున బిగించాడు. ఇంకో చిన్న డబ్బా కొని వెనక గది మూలన పెట్టాడు. అది పలకలేదు.

"దానికే అందనిది మనకేమిస్తది?" అన్నాడు జకర్యా. ఆ వారానికి ఆయన మాట అదొక్కటే. చిన్న డబ్బాను గుమ్మం ఇవతలికి జరిపితే ఇల్లంతా సిగ్నల్ పొంగింది.

మర్నాడు ఏడింటికి హాలులో మూడు కుర్చీలు ఖాళీ.

"రోనీ! ప్రార్థన!"

"షురూ చెయ్ మమ్మీ, ఈడికెల్లే ఆమెన్ అంట."

"షెకీనా!"

"మీటింగ్ అత్తయ్యా."

ఎలీనా తలుపే తీయలేదు. కాంతమణి ఒక్కతే పాడింది. రెండో చరణంతో ఆపేసింది. పుస్తకం మూసి, కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

ఆ మరుసటి సాయంత్రం జకర్యా లేచి, చేతికర్ర పట్టుకుని నడవాలోకి వెళ్ళి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"నెట్ పోయిందేందీ?"

"వచ్చేదాంక ఒక పాట పాడుదం, కూసోన్రి" అంది కాంతమణి.

ఆమెన్ అయ్యాక జకర్యా మంచినీళ్ళకని లేచాడు. నెట్ వచ్చింది.

ఇక రోజూ ఇదే వరస. డబ్బా మీద దీపాలు ఆరిన సంగతి ఎవరూ చూడలేదు. చూపంతా చేతిలో ఫోన్ మీదే. రోనాల్డ్ నెట్ కంపెనీవాళ్ళతో పోట్లాడాడు. షెకీనా తన మీటింగును ముందుకు జరిపించుకుంది.

ఆదివారం కాంతమణి సాక్ష్యం చెప్పింది. "ఏడు కొట్టంగనే ప్రభువు మా ఇంట్ల నెట్ బంద్ చేస్తున్నడు!" చర్చి అంతా "స్తోత్రం" అంది. జకర్యా తల వంచుకున్నాడు.

బయట, అదే చర్చికి వచ్చే దేవకృప కాంతమణి చెయ్యి పట్టుకుంది. "అక్కా, జెర సీతాఫల్‌మండికొచ్చి మా ఇంట్ల సుత ప్రార్థన చెయ్యవా? మా పిల్లలు అన్నం తినేటప్పుడు సుత తల ఎత్తరు."

"వస్త." కాంతమణి భర్త వైపు తిరిగింది. "మీరు సుత రావాలె."

"నేనెందుకు?"

"ప్రార్థన నేను చేస్త. తక్కింది మీరు చూసుకోన్రి."

జకర్యా చెప్పులు తొడుక్కున్నాడు. తర్వాత దేవకృపను అడిగాడు:

"మీ డబ్బా ఎంత ఎత్తుల ఉందమ్మా?"